ఒక ఎస్సీ, ఒక మహిళ: బ్యాంకు పట్టికలో దళిత స్త్రీ ఏ వరుసలో ఉంది?

ఏప్రిల్ మనకు జయంతుల నెల. 5న బాబూ జగ్జీవన్ రామ్, 11న జోతిరావు ఫూలే, 14న అంబేద్కర్. వీటిలో మొదటి తేదీని ఎంచుకుని 2016లో కేంద్ర ప్రభుత్వం నోయిడాలో స్టాండప్ ఇండియా పథకాన్ని ప్రారంభించింది. దేశంలోని ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, కనీసం ఒక మహిళకు, కొత్తగా వ్యాపారం పెట్టుకోవడానికి 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు రుణం ఇవ్వాల్సి ఉండేది. పథకం సారం ఇదే. సుమారు 1.25 లక్షల శాఖలు, శాఖకు ఇద్దరు, వెరసి రెండున్నర లక్షల మంది లబ్ధిదారులు అని అప్పట్లో లెక్క చెప్పారు.

ఆ నిబంధనను ఇంకోసారి చదవండి. ఒక ఎస్సీ లేదా ఎస్టీ. ఒక మహిళ. శాఖ మేనేజరు ఒక ఎస్సీ పురుషుడికి, ఒక అగ్రకుల మహిళకు రుణం ఇస్తే ఆయన బాధ్యత తీరిపోయినట్టే. దళిత మహిళ ఆ బ్యాంకు గడప తొక్కకపోయినా లెక్క సరిపోతుంది. ఆమెకు అర్హత లేదని కాదు, రెండు వైపుల నుంచీ ఉంది. కానీ ఆమె కోసం ప్రత్యేకంగా వెతకాల్సిన అవసరం మాత్రం ఎవరికీ లేదు. మహిళా స్టార్టప్‌ల గురించి రోజూ ఏదో ఒక పేజీలో విజయగాథ చదువుతున్న ఈ రోజుల్లో, ఈ చిన్న ఖాళీ ఎంత పెద్ద పని చేస్తోందో చూడటానికే ఈ వ్యాసం.

పథకం ఏడేళ్లు పూర్తి చేసుకున్నప్పుడు, 2023 మార్చి 21 నాటి లెక్కలను ప్రభుత్వం ప్రకటించింది. మంజూరైన ఖాతాలు మొత్తం 1,80,636. అందులో మహిళలవి 1,44,787, ఎస్సీలవి 26,889, ఎస్టీలవి 8,960. ఈ మూడు అంకెలను కూడి చూడండి. సరిగ్గా మొత్తానికి సమానం. అంటే ఒక్కో ఖాతాను ఒక్కో వరుసలోనే వేశారు. మరి దళిత మహిళ తీసుకున్న రుణం మహిళల వరుసలో ఉందా, ఎస్సీల వరుసలో ఉందా? పట్టిక చెప్పదు. ఎక్కడో ఒకచోట ఉంటుంది, కానీ ఆమెను విడిగా చూపించే గడి లేదు.

అదే పట్టిక ఇంకో విషయం కూడా చెబుతుంది. శాఖకు ఒక మహిళ అనే లక్ష్యం దాటిపోయింది. ఎస్సీ, ఎస్టీలను కలిపినా 35,849 మాత్రమే. ఏడేళ్లలో, 1.25 లక్షల శాఖల దేశంలో. శాఖకు ఒక్కరు చొప్పున ఇచ్చారనుకున్నా పదింట ఏడు శాఖలు తమ వాకిట్లోకి ఒక్క ఎస్సీని గానీ ఎస్టీని గానీ రానివ్వలేదన్నమాట. అయినా వార్షికోత్సవ ప్రకటనల్లో శీర్షిక మాత్రం 80 శాతం రుణాలు మహిళలకే అని. అబద్ధం కాదది. ఏ మహిళలకు అన్న ప్రశ్న అడగనంత వరకు అబద్ధం కాదు.

స్టార్టప్‌ల లెక్క దీనికంటే గుడ్డిది. 2016 జనవరి 16న మొదలైన స్టార్టప్ ఇండియా కింద గుర్తింపు పొందిన సంస్థలు 2024 చివరికి 1.57 లక్షలు. వాటిలో 73 వేలకు పైగా సంస్థల్లో కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉన్నారని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంది. డైరెక్టరు అంటే స్థాపకురాలు కానక్కర్లేదు. కుటుంబ కంపెనీల్లో కాగితం మీద భార్య పేరు, తల్లి పేరు పెట్టడం మనకు కొత్త కాదు. అది అలా ఉంచితే, ఆ 73 వేల మందిలో దళిత మహిళలు ఎందరో చెప్పే గడి ఆ ప్రకటనలో అసలు లేదు. కులం ప్రసక్తే రాదు. ప్రతిభకు కులమేమిటి అంటారు. పెట్టుబడికి ఉందని మనకు తెలుసు.

ఈ చిక్కు మన దేశానిదే కాదు. 1976లో అమెరికాలో అయిదుగురు నల్లజాతి మహిళలు జనరల్ మోటార్స్ మీద వేసిన కేసును అక్కడి కోర్టు కొట్టేసింది. కంపెనీ మహిళలను తీసుకుంటోంది కదా, నల్లవాళ్లను తీసుకుంటోంది కదా అన్నది దాని తర్కం. ఆ మహిళలు ఆఫీసులో పనిచేసే తెల్ల స్త్రీలు, ఆ నల్లవాళ్లు ఫ్యాక్టరీలో పనిచేసే పురుషులు. రెండు పెట్టెల మధ్య పడిపోయిన వాళ్లను చూపడానికి 1989లో కింబర్లీ క్రెన్షా ఈ కేసునే తీసుకుని ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో అందరూ వాడే ఖండన సిద్ధాంతాన్ని వివరించారు. మన దగ్గర 1995లోనే రూత్ మనోరమ తదితరులు జాతీయ దళిత మహిళా సమాఖ్యను ఏర్పాటు చేశారు. అదే ఏడాది గోపాల్ గురు దళిత స్త్రీలు వేరుగా మాట్లాడతారు, మాట్లాడాలి అని రాశారు. ముప్పై ఏళ్లుగా సెమినార్లలో నలుగుతున్న మాటే ఇది. బ్యాంకు ఫారం దాకా మాత్రం రాలేదు.

ఆమె ఎప్పటి నుంచో వ్యాపారే

దళిత మహిళలు వ్యాపారంలోకి ఇప్పుడిప్పుడే వస్తున్నారని రాసేవాళ్లను చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది. ఇడ్లీ బండి, చేపల గంప, కూరగాయల తట్ట, ఊరూరా తిరిగి అమ్మే చీరల మూట, కోళ్లు, మేకలు. ఇవి వ్యాపారాలు కాకపోతే ఏమిటి? 2013-14లో జరిగిన ఆరో ఆర్థిక గణన ప్రకారం దేశంలో మహిళల యాజమాన్యంలో ఉన్న సంస్థలు సుమారు 80 లక్షలు. వాటిలో 12 శాతం ఎస్సీ మహిళలవి, దాదాపు 7 శాతం ఎస్టీ మహిళలవి. ఈ గణనలో మాత్రం గడి ఉంది, గమనించారా. పెట్టుబడి ఇచ్చేవాళ్ల పట్టికలో లేని మనిషి, గుమ్మం గుమ్మం తిరిగిన ఎన్యూమరేటరుకు కనిపించింది.

అదే గణన చెప్పిన మిగతా రెండు అంకెలు అసలు కథ. మహిళల సంస్థల్లో 83 శాతం జీతానికి ఒక్క మనిషినీ పెట్టుకోనివి. 79 శాతం సొంత డబ్బుతో నడిచేవి. ఇవి అన్ని కులాల మహిళలవీ కలిపిన లెక్కలు. ఇక కులం వైపు నుంచి చూస్తే, అశ్విని దేశ్‌పాండే, స్మృతి శర్మ 2013లో సూక్ష్మ, చిన్న పరిశ్రమల గణాంకాల మీద చేసిన అధ్యయనంలో ఎస్సీ, ఎస్టీల సంస్థలు మిగతావాటి కంటే చిన్నవని, ఎక్కువ గ్రామాల్లో ఉన్నవని, యజమాని ఒక్కరే నడుపుకునేవని తేలింది. బతకడం కోసం చేసే వ్యాపారానికీ, పెరగడం కోసం చేసే వ్యాపారానికీ మధ్య గీత ఉంటుంది. ఆ గీత ఎక్కడుందంటే జీతానికి తీసుకునే మొదటి మనిషి దగ్గర, కొనే రెండో మిషను దగ్గర.

మా అమ్మ ఆ రెండో మిషను ఎప్పటికీ కొనలేకపోయింది. నేను బడిలో ఉన్నప్పుడు ఆమె లంగాలు, నైటీలు కుట్టి చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో అమ్మేది. పండగ ముందు ఆర్డర్లు చేతికి అందనన్ని వచ్చేవి. ఇంకో మిషను, దాని మీద కూర్చోవడానికి ఇంకో అమ్మాయి ఉంటే చాలని బ్యాంకుకు వెళ్లింది. మీ ఆయన్ని తీసుకురామ్మా, షూరిటీకి ఒక ఉద్యోగస్తుణ్ణి తీసుకురా అన్నారు. అప్పటికి మా వాడలో సర్కారు ఉద్యోగం ఉన్నది ఒక్కరికే. ఆయన అప్పటికే ముగ్గురి అప్పులకు సంతకం పెట్టి ఉన్నాడు. నాలుగోది పెట్టమని అడగడానికి అమ్మకు మొహం చెల్లలేదు. పొదుపు సంఘంలో తీసుకున్న డబ్బులు మా ఫీజులకు పోయాయి.

ఆ బ్యాంకు మనిషి చెడ్డవాడని నేను అనడం లేదు. ఆయన ముందున్న కాగితం ఆయన్ను అదే అడగమంది.

పదిహేను శాతం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు పరిస్థితి మారింది కదా అనొచ్చు. కొంత మారింది. 10 లక్షల లోపు సూక్ష్మ, చిన్న సంస్థల రుణాలకు తనఖా అడగవద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే ఆదేశించింది. స్టాండప్ ఇండియా రుణాలకు ప్రత్యేక హామీ నిధి ఉంది. రుణం తిరిగి రాకపోతే నష్టంలో కొంత ఆ నిధి భరిస్తుంది, కాబట్టి ఆస్తి తనఖా లేకుండా ఇచ్చే వీలుండేది. తిరిగి కట్టడానికి ఏడేళ్ల గడువు, మొదట్లో 18 నెలల వరకు వాయిదాల నుంచి విరామం. కాగితం మీద మంచి షరతులే.

కాగితం మీదే ఇంకో మాట ఉంది, మార్జిన్ మనీ. మొదట్లో ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం వరకు ఉండేది. 2021 బడ్జెట్‌లో 15 శాతానికి తగ్గించారు. వేరే ప్రభుత్వ పథకాల రాయితీని ఇందులో కలుపుకునే వీలుండేది గానీ, 10 శాతం మాత్రం తప్పనిసరిగా సొంత డబ్బు చూపించాల్సి ఉండేది. 20 లక్షల యూనిట్ అనుకోండి. మార్జిన్ 3 లక్షలు, అందులో సొంతంగా 2 లక్షలు. పొలం ఉన్న ఇంటి ఆడపిల్లకు ఇది నాన్ననో అన్ననో అడిగితే వచ్చే డబ్బు. 2011 జనగణన ప్రకారం జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు భూమిలో వాళ్ల చేతిలో ఉన్నది సుమారు 9 శాతం. ఆ కొద్ది భూమి కూడా ఎవరి పేరు మీద ఉందో వేరే చెప్పాలా? పాస్‌బుక్ మీద తండ్రి పేరు, తర్వాత కొడుకు పేరు. 2 లక్షలు చిన్న మొత్తంగా కనిపించేది తరతరాల ఆస్తి ఉన్నవాళ్లకే.

తగ్గించిన ఆ పది శాతం వల్ల ఎంత మంది దళిత మహిళలు ముందుకొచ్చారో చూద్దామంటే మళ్లీ అదే గోడ. గడి లేదు కాబట్టి లెక్క లేదు. విధానం పనిచేసిందో లేదో తెలుసుకునే దారే మూసుకుపోతుంది. నాకు ఇది వివక్ష కంటే ఎక్కువ బాధించే విషయం. వివక్ష అయితే కనీసం నిరూపించవచ్చు.

డబ్బు దొరికాక మార్కెట్టు. ఇక్కడ పట్టికలు చెప్పలేనివి చాలా ఉన్నాయి. హాస్టల్లో నాతో చదివిన ఒకామె కారప్పొడులు, పచ్చళ్లు చేసి ఫోన్లో ఆర్డర్లు తీసుకుని పంపుతుంది. నెలలో రెండు మూడు సార్లయినా ఎవరో ఒకరు తియ్యగా అడుగుతారట, ఇంతకీ మీరేవిట్లు అని. చెప్పాక కొందరు మళ్లీ ఫోన్ చేయరు. సీసా మీద ఇంటిపేరు వేయాలా, పిల్లల పేరు వేయాలా అని ఆమె ఆరు నెలలు ఆలోచించింది. చివరికి ఊరి పేరు వేసుకుంది. మన పట్టణాల్లో రెడ్డి భోజనం, బ్రాహ్మణ భోజనం అని బోర్డు కడితే అది నాణ్యతకు గుర్తు. 2016లో చంద్రభాన్ ప్రసాద్ దళిత్ ఫుడ్స్ పేరుతో పసుపు, కారం, పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినప్పుడు అది సంచలన వార్త అయింది. ఒకరి కులం బోర్డు మీద మామూలు మాట, ఇంకొకరిది వార్త. కిరాయికి షెడ్డు వెతికేటప్పుడు, మెయిన్ రోడ్డు మీద షాపు అడిగేటప్పుడు కూడా ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది.

ప్రభుత్వమే కొనుగోలుదారు అయితే ఈ ప్రశ్న ఉండదనుకుంటాం. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి చేయాలి. అందులో ఎస్సీ, ఎస్టీల సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం. 4 శాతం నియమం 2012 నుంచి, 3 శాతం 2018 నుంచి ఉంది. మళ్లీ అవే రెండు పెట్టెలు. ఎస్సీ, ఎస్టీల 4 శాతమైతే ఏళ్ల తరబడి చేరని లక్ష్యంగానే మిగిలింది.

గడి ఉన్న చోటు

కల్పనా సరోజ్ కథ మనందరికీ తెలుసు. విదర్భలోని అకోలా జిల్లా, పన్నెండేళ్లకే పెళ్లి, ముంబైలో రోజుకు రెండు రూపాయల కుట్టుపని, తర్వాత మూతబడే దశలో ఉన్న కమానీ ట్యూబ్స్‌ను నిలబెట్టడం, 2013లో పద్మశ్రీ. ఈ కథను అందరూ ఆత్మవిశ్వాసం పాఠంగా చెబుతారు. మధ్యలో ఒక వాక్యాన్ని వేగంగా దాటేస్తారు. ఆమె మొదట నిలదొక్కుకున్నది మహాత్మా ఫూలే పేరుతో ఉన్న ప్రభుత్వ పథకం కింద వచ్చిన 50 వేల రూపాయల అప్పుతో. ధైర్యం మన వాడల్లో ఎప్పుడూ కొరత లేదు. ఆ 50 వేలకే కొరత.

తెలంగాణ 2014లో తెచ్చిన టీ-ప్రైడ్ విధానాన్ని నేను ఇక్కడ తప్పకుండా చెప్పాలి, దాని లోపాలతో సహా. ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలకు స్థిర పెట్టుబడిలో 35 శాతం రాయితీ, ఎస్సీ, ఎస్టీ మహిళలకు అదనంగా మరో 10 శాతం. ఆ అదనపు పదిని ఇవ్వాలంటే దరఖాస్తుదారు ఎస్సీ అని, మహిళ అని రెండూ ఒకేసారి చూడాలి. రెండు పెట్టెల మధ్య మూడో పెట్టె పెట్టడం సాధ్యమేనని ఇది రుజువు చేస్తుంది. అయితే ఇది ముందు ఖర్చు పెట్టి, ఉత్పత్తి మొదలయ్యాక తిరిగి తీసుకునే రాయితీ. ముందు పెట్టే డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

దానికి జవాబుగా వచ్చింది 2021 దళితబంధు. కుటుంబానికి 10 లక్షలు, తిరిగి కట్టక్కర్లేదు, బ్యాంకు ప్రమేయం లేదు. మార్జిన్, షూరిటీ అనే రెండు గోడలనూ ఒక్క దెబ్బతో కూల్చిన పథకం అది, రాజకీయాలు ఏమైనా కానివ్వండి. కానీ అక్కడ లెక్కలో యూనిట్ కుటుంబం. కుటుంబం అన్నాక ట్రాక్టరు తాళాలు ఎవరి జేబులో ఉంటాయో మనకు తెలుసు. ఎస్సీ యువత కోసం కేంద్రం 2020 సెప్టెంబరులో అంబేద్కర్ సామాజిక ఆవిష్కరణ, ఇంక్యుబేషన్ మిషన్ ప్రకటించింది. నాలుగేళ్లలో వెయ్యి మందికి, మూడేళ్లపాటు 30 లక్షల వరకు వాటా పెట్టుబడి. మహిళల కోసం హైదరాబాద్‌లో 2018 మార్చి 8న వీ-హబ్ మొదలైంది. ఒకటి ఎస్సీలకు, ఒకటి మహిళలకు. మళ్లీ రెండు గుమ్మాలు.

వీటన్నిటి కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది జహీరాబాద్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1980లలో అక్కడ పని మొదలుపెట్టాక, పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో సంఘాలుగా ఏర్పడిన మహిళల్లో ఎక్కువ మంది దళితులు. బీడు భూముల్లో జొన్న, కొర్ర, సామ వేశారు, విత్తనాలు దాచారు. వరి, పత్తి తప్ప ఇంకేదీ పంట కాదన్న కాలంలో చిరుధాన్యాల రకాలను చేజారనివ్వలేదు. 2008లో మాచ్‌నూర్‌లో సొంతంగా సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. తర్వాత 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థలో స్టార్టప్‌లకు ఇంక్యుబేటరు నడుస్తోంది. కొర్ర నూడుల్స్, రాగి కుకీలు, జొన్న చిప్స్ సూపర్ మార్కెట్లలో మెరిసే ప్యాకెట్లలో ఉన్నాయి. తిండిలో మంచిది మళ్లీ రావడం సంతోషమే. ఆ ప్యాకెట్ల వెనక ఉన్న వ్యవస్థాపకుల్లో విత్తనం దాచిన వాడల ఆడవాళ్లు ఎందరు? విత్తనం దాచడం సంప్రదాయం అయింది, ప్యాకెట్ చేయడం ఆవిష్కరణ అయింది. పెట్టుబడి రెండోదానికే వస్తుంది.

అడగాల్సింది ఇప్పుడే

2025 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి మరో పథకం ప్రకటించారు. మొదటిసారి వ్యాపారంలోకి వచ్చే 5 లక్షల మంది మహిళలు, ఎస్సీలు, ఎస్టీలకు వచ్చే అయిదేళ్లలో 2 కోట్ల వరకు టర్మ్ లోన్. స్టాండప్ ఇండియా పాఠాలను ఇందులో కలుపుకుంటామన్నారు. మహిళలు, ఎస్సీలు, ఎస్టీలు. మధ్యలో అవే కామాలు. పాఠం ఏమిటో పట్టిక చూసినవాళ్లకు తెలుసు కాబట్టి, కొత్త పథకంలోనూ అవే మూడు వరుసలు గీయకముందే మనం మాట్లాడాలి.

సమాచారం లేదు, సేకరించడం కష్టం అంటే నమ్మకండి. 2020 జులై నుంచి ఉన్న ఉద్యమ్ నమోదు ఫారం యజమాని సామాజిక వర్గాన్నీ, లింగాన్నీ రెండింటినీ అడుగుతుంది. రెండు గడులూ ఒకే రికార్డులో పక్కపక్కనే ఉన్నాయి. వాటిని కలిపి చూపించడం కంప్యూటరుకు క్షణం పని.

విద్యార్థి సంఘాల మిత్రులు, జిల్లాల్లో పనిచేసే కార్యకర్తలు చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి జిల్లాకూ ఒక లీడ్ బ్యాంకు ఉంటుంది. రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీని తెలంగాణలో స్టేట్ బ్యాంకు, ఆంధ్రప్రదేశ్‌లో యూనియన్ బ్యాంకు నడుపుతున్నాయి. ఇవి ప్రభుత్వ రంగ బ్యాంకులు, సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. అడగాల్సినవి: 2016 ఏప్రిల్ 5 నుంచి మీ జిల్లాలో ఎస్సీ మహిళలు స్టాండప్ ఇండియా కింద పెట్టుకున్న దరఖాస్తులు ఎన్ని, మంజూరైనవి ఎన్ని, ఎంత మొత్తం, తిరస్కరించినవాటికి రాసిన కారణాలేమిటి, ఇప్పటిదాకా ఒక్క ఎస్సీ లేదా ఎస్టీకి కూడా రుణం ఇవ్వని శాఖలు ఏవి. ఎస్టీ మహిళల లెక్క విడిగా అడగండి. వీలైతే ఎస్సీల్లో ఉపకులాల వారీగా కూడా. వర్గీకరణ గురించి ఇంత మాట్లాడుకున్నాక రుణాల దగ్గర ఆగిపోవడం ఎందుకు?

కొన్ని బ్యాంకులు, కోరిన రూపంలో సమాచారం మా దగ్గర లేదు అని ఒక్క వాక్యంతో జవాబు పంపవచ్చు. ఆ కాగితాన్ని పారేయకండి. తేదీ, సంఖ్య కనిపించేలా స్కాన్ చేసి దాచండి. జిల్లా సంప్రదింపుల కమిటీ సమావేశంలో కలెక్టరు ముందు పెట్టడానికి అంతకంటే మంచి పత్రం దొరకదు.